చదువుకోమన్నారు సరే, ఎప్పుడు?

పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే పూర్తవుతుందని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఆ వయసు పిల్లలకు ఆటా పాటా మాటా నేర్పే మనిషికి తగిన చదువు ఉండాలని కూడా అదే పత్రం చెప్పింది. ఇంటర్, ఆపైన చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా అంది. టీవీ చానళ్లలో, ఫోన్లలో, దూరవిద్యలో ఈ చదువు చెప్పొచ్చట. అలా అయితే చేస్తున్న పనికి అంతరాయం తక్కువగా ఉంటుందట.

పనికి అంతరాయం రాకూడదని ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు గుర్తొచ్చింది. సంతోషం. మరి ఇంటి సంగతో? ఒళ్లో పిల్ల, పొయ్యి మీద కూర, చేతిలో ఫోను, ఆ ఫోన్లో పాఠం. దీన్నేనా మీరు ఉన్నత విద్య అంటున్నది? రాత్రి పదింటికి అంట్లు తోమి, చెయ్యి తుడుచుకుని పుస్తకం తెరిచే ఆడమనిషిని ఒక్కదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి ఉంటే, ఆ పత్రంలో ఇంకో నాలుగు వాక్యాలు ఉండేవి.

నేను పల్నాడులో ఒక చిన్న ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. ఇద్దరు పిల్లల తల్లిని. శిశు సంరక్షణ, విద్య మీద దూరవిద్యలో కోర్సు చేస్తున్నాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, నాకై నేనే చేరాను. మా సెంటర్లో ఒక బాబు ఉండేవాడు. మూడేళ్లు దాటినా మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. గిన్నె మూత ఇస్తే దాన్నే తిప్పుకుంటూ కూర్చునేవాడు. 'మగపిల్లలకు మాట ఆలస్యమేలే' అనేది వాళ్ల నాయనమ్మ. అది మామూలు ఆలస్యం కాదని నాకు అనిపించేది. ఎందుకంటావు అని అడిగితే చెప్పడానికి మాత్రం నా దగ్గర మాటలు లేవు. కోర్సులో ఏ వయసుకు పిల్లలు ఏం చేయాలో చెప్పే పాఠం చదివాక ఆ మాటలు దొరికాయి. వాళ్లమ్మను కూర్చోబెట్టి, పుస్తకం చూపించి, ఒక్కొక్కటే వివరించి, జిల్లా ఆస్పత్రిలో ఇలాంటి పిల్లల్ని పరీక్షించే కేంద్రానికి పంపించాను. ఇప్పుడు వాడికి మాటలు నేర్పించే శిక్షణ ఇస్తున్నారు.

ఈ చదువు గోడకు తగిలించుకునే పటం కాదని చెప్పడానికే ఇదంతా. ఈ చదువు ఉన్నచోట ఒక పిల్లవాడి దారి మారుతుంది. లేనిచోట వాడు బడికి పోయి 'మొద్దు' అనిపించుకుంటాడు. ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. తెలుసు కాబట్టే 2023 మే నెలలో 'పోషణ్ భీ, పఢాయీ భీ' అంటూ తిండితో పాటు చదువు అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రతి బిడ్డకూ రోజుకు కనీసం రెండు గంటలు నాణ్యమైన పూర్వ ప్రాథమిక విద్య అందాలంది. మూడేళ్లలోపు వాళ్లకు నవచేతన, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు ఆధారశిల అనే ప్రణాళికలు 2024లో తెచ్చింది. అన్నీ చక్కగానే ఉన్నాయి. వాటిని అమలు చేసే మాకు ఇచ్చిన శిక్షణ మాత్రం మూడు రోజులు! అంతకు మించి నేర్చుకోవాలనుకుంటే అది మా సొంత గొడవ.

పరీక్షలకు సెలవు కావాలని సెక్టార్ మీటింగ్‌లో కాగితం పెట్టాను. మా సూపర్‌వైజర్ మేడం చదివి, మడిచి, మళ్లీ నా చేతికే ఇచ్చారు.

'చదువుకోవడం మంచిదేనమ్మా, నేను వద్దనను. కానీ ఇది డిపార్ట్‌మెంట్ పెట్టిన పరీక్ష కాదు గదా? నువ్వు సెంటరు మూసేసి పోతే పైవాళ్లకు నేనేం చెప్పను? క్యాజువల్ లీవులు వాడుకో.'

'బాబుకి డెంగీ వచ్చినప్పుడే అయిపోయినయి మేడం.'

'మరెట్టా?'

ఆ 'మరెట్టా'ను నా మీదే వదిలేసి మేడం తర్వాతి అంశానికి వెళ్లిపోయారు. ఆ అంశం ఏమిటనుకున్నారు? కేంద్రాల్లో పూర్వ ప్రాథమిక విద్య నాణ్యత పెంచడం.

ఆవిణ్ణి తిట్టుకుని ప్రయోజనం లేదు. ఆవిడ కింద బోలెడన్ని సెంటర్లు, ఎక్కడ ఎవరు సెలవు పెట్టినా బదులు పంపడానికి మనిషి లేదు. ఆ ఏర్పాటు ఎవరూ చేయలేదు. చివరికి మా సెంటర్లో సాయానికి ఉండే ఆయమ్మ ఒక్కతే వంట చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ, వచ్చిన గర్భిణులకు జవాబు చెప్పుకుంటూ సెంటరు నడిపింది. నేను పరీక్ష రాసిన రోజులకు నా జీతం కోసుకున్నారు. పిల్లలకు బాగా చదువు చెప్పడం నేర్చుకున్నందుకు జరిమానా అన్నమాట!

అసలు ఒక రోజు ఎలా గడుస్తుందో చూడండి. తొమ్మిదింటికి సెంటరు తెరవాలి. పిల్లల హాజరు పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. పాలు, గుడ్లు, అన్నం, కూర లెక్క చూడాలి. బరువులు, ఎత్తులు తీసి యాప్‌లో పెట్టాలి. ఇంటికి సరుకు తీసుకెళ్లే తల్లుల ముఖాలు ఫోన్లో గుర్తించాలి. పురిటికి వెళ్లి వచ్చిన పిల్ల కళ్లు లోతుకుపోయి ఉంటే యాప్ గుర్తుపట్టదు, సిగ్నల్ లేకపోతే అసలే తెరుచుకోదు. అరచేతిలో ఫోను పైకెత్తి పట్టుకుని పంచాయతీ ఆఫీసు అరుగు మీద నిలబడి ఉంటాను నేను. లోపల ఇరవై మంది పిల్లలు ఆయమ్మను పీక్కు తింటుంటారు. ఓట్ల జాబితా పనికి మేమే. సర్వే అంటే మేమే. గర్భిణుల ఇళ్లకు తిరగాల్సిందీ మేమే. ఇన్నింటి మధ్య రోజుకు రెండు గంటల నాణ్యమైన చదువు చెప్పాలి. సాయంత్రం ఇంటికొచ్చి ఇంకోసారి వంట, ఇంకోసారి అంట్లు, సొంత పిల్లల హోంవర్కు. ఆ తర్వాత మిగిలిన కాసేపట్లో పిల్లల ఎదుగుదల గురించి పియాజే ఏమన్నాడో చదవాలి!

మా దూరవిద్య కోర్సుకు కాంటాక్ట్ క్లాసులు ఆదివారాలు పెడతారు. హాజరు చాలకపోతే పరీక్ష రాయనివ్వరు. తెల్లారగట్ల మొదటి బస్సు పట్టుకుని వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు. ఒక ఆదివారం తల్లీబిడ్డల అనుబంధం గురించి పాఠం. నా పక్కన కూర్చున్న అమ్మాయి నాలుగు నెలల బాలింత. క్లాసులోకి పసిపిల్లల్ని తేకూడదన్నారు. వాళ్ల అత్తగారు బిడ్డను భుజాన వేసుకుని బయట వేపచెట్టు కింద అటూ ఇటూ తిరుగుతోంది. కిటికీలోంచి బిడ్డ ఏడుపు వినబడుతూనే ఉంది. ఆ ఏడుపుకు ఈ అమ్మాయి జాకెట్టు ముందుభాగమంతా తడిసిపోయింది. పైట ముందుకు లాక్కుని, తల దించుకుని నోట్సు రాసుకుంటోంది. బోర్డు మీద సారు రాసినదాన్నే రాసుకుంటోంది: బిడ్డ ఏడ్చినప్పుడు ఆలస్యం చేయకుండా స్పందించాలి.

నేను లేచి అడిగాను, 'సార్, ఆ అమ్మాయిని ఒక్క పది నిమిషాలు బయటికి పంపిస్తారా?' అని. 'వెళ్లండమ్మా, నేనేం ఆపలేదు గదా' అన్నారు. నిజమే, ఆయన ఆపలేదు. లేచి వెళ్తే హాజరు పోతుందేమోనన్న భయం ఆ అమ్మాయిది. వెళ్లొచ్చని ఎవరూ ముందే చెప్పలేదు. ఒక గది, ఒక చాప, ఒక ఉయ్యాల, చూసుకోవడానికి ఒక మనిషి. పిల్లల్ని ఎలా పెంచాలో నేర్పే చోట ఇవేవీ లేవు. యాభై మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండి తీరాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. అది ఉద్యోగులకు. చదువుకోవడానికి వచ్చిన తల్లి ఉద్యోగి కాదు కాబట్టి ఆమె బిడ్డ వేపచెట్టు కింద ఉండొచ్చు.

మా విషయంలో ఇంకో తిరకాసు కూడా ఉంది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం మొదలైన నాటి నుంచీ మేం 'గౌరవ' కార్యకర్తలం. మాకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. కేంద్రం తన లెక్కలో కార్యకర్తకు ఇచ్చేదాన్ని 2018 అక్టోబరులో నెలకు 3,000 నుంచి 4,500 రూపాయలు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొత్తం కలిపి 11,500 అయింది. ఆ తర్వాత గ్యాస్ పెరిగింది, బస్సు చార్జీలు పెరిగాయి, ఫోన్ రీచార్జి పెరిగింది, మా అంకె మాత్రం కదల్లేదు. అడిగి అడిగి విసిగిపోయి 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగాం. చలిలో రోడ్ల మీద కూర్చుంటే 2024 జనవరి మొదటి వారంలో మా మీద ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవలు ఆపితే కుదరదన్నారు. సమ్మె 42 రోజులు నడిచింది.

ఇదేం లెక్కో మీరే చెప్పండి. సమ్మె చేస్తే మాది అత్యవసర సేవ. జీతం అడిగితే గౌరవ సేవ. చదువుకుంటానంటే సొంత విషయం. ఒకే మనిషికి మూడు పేర్లు, మూడూ ఆమెకు ఎదురు తిరిగేవే. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గుజరాత్ అంగన్‌వాడీల కేసులో, మాకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. మేం చేసేది కాలక్షేపం పని కాదని దేశంలోనే పెద్ద కోర్టు ఒప్పుకుంది. పరీక్షకు నాలుగు రోజుల సెలవు ఇచ్చే దగ్గర మాత్రం ఆ ఒప్పుకోలు ఎవరికీ గుర్తుండదు.

'ఎందుకమ్మా అంత కష్టపడటం, ప్రమోషన్ కోసమేగా?' అంటారు కొందరు, అదేదో అత్యాశ అయినట్టు. అవును, ప్రమోషన్ కోసం కూడా. తప్పేమిటి? సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం ఐదేళ్ల అనుభవం ఉన్న కార్యకర్తలతో నింపాలని 2022లో కేంద్రమే మార్గదర్శకాలు ఇచ్చింది. దానికి తగ్గ చదువు ఉండాలంది. ఆ చదువు ఎవరికి వస్తుంది? ఇంట్లో వండిపెట్టే అత్తో అమ్మో ఉన్నదానికి, ఫీజు కట్టే భర్త ఉన్నదానికి, టౌనుకు దగ్గర ఊళ్లో పనిచేసేదానికి. భర్త పోయి, ముసలి అత్తను చూసుకుంటూ, కొండ పక్క తండాలో సెంటరు నడిపే మా అక్కకు అనుభవం ఉంది, పిల్లల మీద ప్రాణం ఉంది, కానీ డిగ్రీ రాదు. ఆమె కంటే ఎంతో చిన్నవాళ్లు వచ్చి ఆమె రిజిస్టర్లలో తప్పులు పడతారు. తలుపు తెరిచే ఉంచారు, మెట్లే కట్టలేదు.

టౌన్లలో ప్రైవేటు ప్లేస్కూళ్లలో పనిచేసే ఆడపిల్లల గతి ఇంకా ఘోరం. వాళ్లకు సంఘం లేదు, సమ్మె లేదు. మాకంటే తక్కువ జీతానికి రోజంతా నిలబడి, సాయంత్రం నర్సరీ టీచర్ ట్రైనింగ్ అంటూ ఏ మేడ మీదో నడిచే కోర్సుకు వేలకు వేలు పోస్తారు. పూర్వ ప్రాథమిక విద్యలో రెండేళ్ల డిప్లొమాకు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నిబంధనలు ఉన్నాయి. ఈ మేడమీది కోర్సుల్లో దేనికి గుర్తింపు ఉంది, దేనికి లేదు అని ఆ ఆడపిల్లలకు చెప్పేవాళ్లే లేరు. డబ్బు పోయాక తెలుస్తుంది ఆ కాగితం ఎక్కడా చెల్లదని.

ఇక ఇంటి సంగతి. మా ఆయన మంచివాడే. తాగడు, చెయ్యెత్తడు. కోర్సులో చేరతానంటే 'నీ ఇష్టం' అన్నాడు. ఆ తర్వాత కూడా 'నీ ఇష్టం' అంటూనే ఉన్నాడు. పరీక్షలు దగ్గరపడుతుంటే ఆడపడుచు పిల్లలతో సహా దిగింది. నేను పొయ్యి దగ్గర పుస్తకం తెరిచి పెట్టుకుని దోసెలు పోస్తుంటే, 'వదినా, ఈ వయసులో కలెక్టరువి అవుతావా ఏంది?' అని నవ్వింది. అందరూ నవ్వారు, ఆయన కూడా. అందులో ద్వేషం లేదని నాకు తెలుసు. కానీ ఆ నవ్విన వాళ్లలో ఒక్కరు లేచి అట్లకాడ అందుకుని ఉంటే నేను ఆ రాత్రి ఇంకో పాఠం చదివేదాన్ని.

ఇది మా ఇంటి భాగోతం మాత్రమే అనుకోకండి. 2024లో కేంద్ర గణాంక శాఖ చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తే, ఆ పని చేసే మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలని తేలింది. ఇంట్లోవాళ్లను చూసుకునే పనిలో ఉన్న ఆడవాళ్లకు 137 నిమిషాలు, మగవాళ్లకు 75. తేడా మొత్తం కలిపితే రోజుకు నాలుగు గంటలకు పైమాటే. దూరవిద్య చదివే ఆడదానికి కావాల్సింది సరిగ్గా ఆ నాలుగు గంటలే. అవి ఎక్కడికి పోతున్నాయో ప్రభుత్వమే లెక్కగట్టి పుస్తకం వేసింది. వేసి, అదే ప్రభుత్వం ఇంకో శాఖలో 'ఇంటి దగ్గరే ఉండి ఫోన్లో చదువుకోండి' అంటుంది.

ఒకటి గమనించండి. ఈ కథలో ఎవరూ నన్ను చదవొద్దని అనలేదు. మేడం అనలేదు, సారు అనలేదు, ఇంటాయన అనలేదు, ప్రభుత్వం అసలే అనలేదు. అడ్డుపడేవాడు ఉంటే నిలదీయొచ్చు, పోట్లాడొచ్చు, కోర్టుకు పోవచ్చు. 'మంచిదమ్మా, చదువుకో' అని పక్కకు తప్పుకునేవాడిని ఏమని నిలదీయాలి? మా మీద పడుతున్న దెబ్బ ఇదే. మహిళా దినోత్సవం నాడు శాలువా కప్పుతారు, ఫొటో తీస్తారు, 'మీరే భావి పౌరులకు తొలి గురువులు' అంటారు. మర్నాడు పరీక్ష ఫీజు కట్టడానికి చెవి కమ్మలు తాకట్టు పెట్టేటప్పుడు ఆ శాలువా కప్పినవాళ్లు ఎక్కడా కనబడరు.

మాకు ఏం కావాలో చెప్పడం పెద్ద విద్యేం కాదు. ప్రభుత్వమే చేయమన్న చదువుకు పరీక్ష రోజుల్లో మమ్మల్ని డ్యూటీలో ఉన్నట్టు లెక్కించండి. బడి టీచర్లు శిక్షణకు వెళ్తే డ్యూటీ కింద రాస్తున్నారు కదా, చిన్నపిల్లల టీచరు చేసిన పాపం ఏమిటి? ఆ రోజుల్లో సెంటరు చూసుకోవడానికి మండలానికి కొంతమంది బదులు టీచర్లను పెట్టండి. పాసైనవాళ్ల ఫీజు శాఖే తిరిగి చెల్లించాలి, సర్టిఫికెట్‌కు తగ్గట్టు గౌరవ వేతనం పెంచాలి. చదువుకూ అనుభవానికీ విలువ లేని చోట ఎవరు చదువుతారు? పని అనుభవానికి కూడా చదువులో క్రెడిట్లు ఇవ్వొచ్చని 2023లో జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ చెప్పింది. రోజూ ఇరవై మంది పిల్లలతో గడిపే మా పనిని ప్రాక్టికల్‌గా లెక్కించడానికి అదొక్కటి చాలు, కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి స్టడీ సెంటర్లో పసిపిల్లలకు ఒక గది తెరవండి. రోజులో ఆ రెండు గంటల చదువు సమయంలోనైనా ఏ యాప్, ఏ రిపోర్టూ అడగకండి.

విశ్వవిద్యాలయాల వాళ్లకు ఒక మాట. మీ దూరవిద్య విద్యార్థుల్లో తల్లులు ఎందరో మీ దరఖాస్తు ఫారాలు తిరగేస్తే తెలుస్తుంది. మధ్యలో మానేసినవాళ్లలో ఎందరు కాన్పు అయిన ఏడాది మానేశారో కూడా లెక్క తీయండి. లెక్క తీశాక 'వాళ్లకు ఆసక్తి లేదు' అని రాయడానికి చెయ్యి రాదు.

ఇళ్లలో ఉన్న మగవాళ్లకు, అత్తమామలకు ఇంకో మాట. 'నీ ఇష్టం' అనడం అనుమతే తప్ప సాయం కాదు. మీ ఇంటి కోడలు, మీ భార్య పరీక్షకు చదువుతున్న రోజుల్లో ఒక్క పూట వంట మీరు చేయండి. పిల్లల్ని స్నానం చేయించి పడుకోబెట్టండి. అది త్యాగం ఏమీ కాదు, మీ వంతు పని.

ఆరేళ్లలోపు పిల్లల చదువు దేశానికి పునాది అని ప్రభుత్వం నిజంగా నమ్మితే, వాళ్లకు చెప్పే టీచరు చదువు కూడా దేశం ఖర్చే అవ్వాలి. ఆ ఖర్చు మా నిద్రలోంచి, మా జీతంలోంచి, మా సొంత పిల్లల దగ్గర్నుంచి వసూలు చేస్తున్నంతకాలం, ఆ నమ్మకం కాగితం మీది మాటే. మాకు శాలువాలు వద్దు. సెలవు ఇవ్వండి, ఫీజు కట్టండి, మా స్థానంలో ఒక మనిషిని పంపండి. మిగతాది మేం చదువుకుంటాం.